ఖాళీ కాని కుర్చీ

విమానం కిందికి దిగుతుంటే పరంజ్యోతి కిటికీలోంచి చూశాడు. ఎంతసేపూ ఎర్రటి ఎడారే, మోడువారిన కొండలే. ఆ ఇసక మధ్యలో ఎవరో గుప్పెడు రంగు గాజుపెంకులు విసిరేసినట్టు ఒక్కసారిగా తళుక్కుమంది. అదే లాస్ వేగాస్.

"పంట లేదు, నీళ్ళు లేవు. ఈళ్ళకి తినడానికేటి ఉన్నాది గణపతీ?" అన్నాడు.

"మనమే," అన్నాడు పక్క సీట్లో గణపతిరావు, నవ్వుతూ.

పరంజ్యోతి నెల్లిమర్ల జనపనార మిల్లులో కరెంటు పనులు చూసే ఇంజనీరు. గణపతిరావుది కోటబొమ్మాళి. ఇద్దరూ కాకినాడలో ఒకే గదిలో ఉండి చదువుకున్నారు. గణపతిరావు ఇప్పుడు కలకత్తాలో, మిల్లులకి యంత్రాలమ్మే కంపెనీలో ఉన్నాడు. అమెరికాలో కంప్యూటర్ల మీద పెద్ద సదస్సు జరుగుతోందని, మిల్లుల నుంచి ఒకరిని తోడు తీసుకెళ్ళమని కంపెనీ అంటే ఆయన ఇంకో పేరు తలవలేదు. అది అరవై ఎనిమిదో సంవత్సరం.

సదస్సు వాళ్ళు దిగిన హోటల్లోనే. గదికెళ్ళాలన్నా, సభకెళ్ళాలన్నా, అన్నానికెళ్ళాలన్నా జూదశాల మధ్యలోంచే నడవాలి. అందులో ఒక్క కిటికీ లేదు, గోడకి గడియారం లేదు. పొద్దుటిపూట కూడా లోపల రాత్రి పెళ్ళిపందిరిలా దీపాలు. మెత్తటి తివాచీ అడుగుల చప్పుడు మింగేసేది. వరసలుగా ఇనప యంత్రాలు, ఒక్కోదాని ముందు ఎత్తు కుర్చీ, ఒక్కో కుర్చీలో ఒక మనిషి. సందులో నాణెం వేస్తారు, పిడి లాగుతారు, అద్దం వెనక బొమ్మలు గిర్రున తిరిగి ఆగుతాయి. మళ్ళీ నాణెం. పరంజ్యోతికి మిల్లులో మగ్గాల షెడ్డు గుర్తొచ్చింది. కాని అక్కడ జనం కేకలేసుకుంటారు, తిట్టుకుంటారు, కూనిరాగాలు తీస్తారు. ఇక్కడ పక్కవాడి మొహం చూసినవాడు లేడు.

సభలోకెళితే వేరే లోకం. తెర మీద బొమ్మలు వేసి, మనిషి అలిసిపోతాడు, యంత్రం అలవదు అని ఒక పెద్దమనిషి చెబుతుంటే అందరూ చప్పట్లు కొట్టారు. గణపతిరావు కూడా కొట్టాడు.

సభకెళ్ళే దారిలో స్తంభం పక్క యంత్రం దగ్గర ఒక ముసలామె కూర్చునేది. లేత నీలం గౌను. నాణేల మసి అంటకుండా కుడిచేతికి తెల్లటి నూలు తొడుగు. మొదటిరోజు పొద్దున చూశాడు. సాయంత్రం వస్తుంటే అక్కడే ఉంది. మర్నాడు దాటిపోతూ, పెద్దావిడ కదా అని నమస్కారంగా తల వంచాడు. ఆమె మెల్లగా ఇటు తిరిగింది.

"బయట తెల్లారిందా?" అని అడిగింది ఇంగ్లీషులో.

"తెల్లారిందమ్మా," అన్నాడు.

"అలాగా," అని పిడి లాగింది.

ఆ మరుసటి మధ్యాహ్నం పరంజ్యోతి భోజనానికి ఒంటరిగా వస్తున్నాడు. గణపతిరావు ఎవరితోనో మాట్లాడుతూ సభలోనే ఆగిపోయాడు. ముసలామె చెయ్యి పిడి మీదే ఉంది గాని లాగడం లేదు. నుదురు అద్దానికి ఆనించి ఉంది. తెరిచి ఉన్న కళ్ళలో ఒకసారి ఎర్రదీపం, ఒకసారి పచ్చదీపం వెలిగి ఆరుతున్నాయి. పక్క కుర్చీలో మనిషి తన పిడి తను లాక్కుంటూనే ఉన్నాడు. పరంజ్యోతి ఆమె మణికట్టు పట్టుకుని చూశాడు. తొడుగులోంచి కూడా చల్లగా తగిలింది.

హోటల్ వాళ్ళకి కబురు చెప్పగానే నల్లకోట్లవాళ్ళు ఇద్దరు చక్రాల కుర్చీతో వచ్చారు. నిద్రపోయిన బిడ్డని ఎత్తినంత ఒడుపుగా ఎత్తారు. అలవాటైన చేతులు.

"ఆవిడకి కాస్త నలతగా ఉందండీ," అన్నాడొకడు చిరునవ్వుతో.

"ఆవిడ చనిపోయింది. పేరేమిటి? ఎవరైనా ఉన్నారా ఆవిడకి?"

"మీ భోజనం చల్లారిపోతుందండీ," అన్నాడతను, అదే చిరునవ్వుతో. రెండోవాడు గుడ్డతో పిడి తుడిచాడు.

పరంజ్యోతి వైపు వీధిలో ఒక ప్రాణం పోతే శవం లేచేదాకా ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగదు. క్రైస్తవులైనా అంతే, కాపులైనా అంతే. ఇక్కడ ఒక్క పిడి ఆగలేదు. ఆయన చక్రాల కుర్చీ వెనకే నడిచాడు. గోడలో కలిసిపోయిన తలుపొకటి తెరుచుకుని, వాళ్ళు లోపలికెళ్ళాక మూసుకుంది. ఇటువైపు గడియ లేదు, పట్టుకోడానికి పిడీ లేదు. అక్కడే తల వంచుకుని, తోచిన నాలుగు మాటలు ప్రార్థన చేసి వెనక్కి వచ్చాడు.

ఆ కుర్చీలో గణపతిరావు కూర్చుని ఉన్నాడు.

"గణపతీ, లెగు."

నాణెం పడింది. పిడి కిందికి వచ్చింది.

"ఒరే, ఇప్పుడే ఆ కుర్సీలో ఒకామె పోయింది. లెగరా."

గణపతిరావు వినలేదు. కాలేజీలో సరదాకైనా పేకముక్క ముట్టని మనిషి. ఎప్పుడూ నవ్వు చెరగని మొహంలో ఇప్పుడు ఎర్రదీపం, పచ్చదీపం తప్ప ఏమీ లేవు. పరంజ్యోతి ఆ చెయ్యి పట్టుకుని, అదీ అంత చల్లగా ఉండటంతో ఒక్కక్షణం వదిలేశాడు. తరవాత పళ్ళు బిగించి ఒక్కో వేలూ ఊడదీసి, చంకల్లో చేతులేసి కిందికి దింపి, కనబడ్డ మొదటి తలుపులోంచి వీధిలోకి లాక్కెళ్ళాడు. నడినెత్తిన ఎండ భగభగలాడుతోంది. గణపతిరావు కళ్ళు చిట్లించి ఆకాశంకేసి చూశాడు.

"బయట తెల్లారినాదా?" అన్నాడు.

పరంజ్యోతి ఆయన రెక్క పట్టుకుని రోడ్డు దాటించాడు. ఇంక సభకి వెళ్ళలేదు. దొరికిన విమానానికి బయల్దేరిపోయారు. దారిలో పరంజ్యోతి, ఆవిణ్ణి నల్లకోట్లవాళ్ళు మోసుకెళ్ళిన సంగతి చెబితే, గణపతిరావు కిటికీకేసి తిరిగి కూర్చున్నాడు.

క్రిస్మస్‌కి ముందు ఒక ఆదివారం, పరంజ్యోతి చర్చి నుంచి ఇంటికొచ్చేసరికి గణపతిరావు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసి, మనిషి సగమయ్యాడు.

"ఆవేళ ఆవిణ్ణి మోసుకెళిపోనారన్నావు కదా. నిజంగా సూసావా?"

"సూసాను. తలుపు దాకా ఎనకే ఎల్లాను."

"మరి నేనొచ్చేసరికి కుర్సీలోనే ఉన్నాది. నన్ను సూసి లెగిసింది. 'అలిసిపోనావు గణపతీ, కూకో' అన్నాది. పెద్దామె లెగిసి సోటిస్తే కాదంటామేటి? కూకున్నాను."

పరంజ్యోతి భార్య దేవమణి గరిటె చేత్తో పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. "ఏ బాసలో అన్నాది అన్నయ్యా?" అని అడిగింది.

గణపతిరావు తలెత్తి ఆమెకేసి చూశాడు. ఆ సంగతి అప్పటిదాకా తనకే తట్టనట్టుంది.

"మన బాసే," అన్నాడు నెమ్మదిగా. "ఇప్పటికీ పిలస్తంది. ట్రామెక్కినా, ఆఫీసులో ఉన్నా."

దేవమణి ఆయన్ని వెళ్ళనివ్వలేదు. చాప వేసి అన్నం పెట్టింది. పేరు తెలియని ఆ తల్లికి నెమ్మది దయచెయ్యి ప్రభువా అని ప్రార్థిస్తుంటే, గణపతిరావు వాళ్ళ మతం కాకపోయినా కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు.

తరవాత కొద్దిరోజులకే కలకత్తా ఉద్యోగం మానేసి కోటబొమ్మాళి వచ్చేశాడు. పొలంలో దిగాడు. ఒళ్ళు చేశాడు, మళ్ళీ నవ్వు నేర్చుకున్నాడు. మరుసటేడు కోతలయ్యాక పరంజ్యోతి చూడబోయాడు. ఇద్దరూ వాళ్ళ పొలాలూ వీళ్ళ పొలాలూ, మిల్లు కబుర్లూ చెప్పుకుంటూ గట్టు మీద నడుస్తున్నారు. గణపతిరావు ముందు, పరంజ్యోతి వెనక.

మాట మధ్యలో గణపతిరావు ఆగి, తల పక్కకి వంచాడు.

"వస్తన్నాను, వస్తన్నాను," అన్నాడు, విసుగూ ముద్దూ కలిసిన గొంతుతో, ఇంటి మనిషితో అన్నట్టు. అని మళ్ళీ వడ్ల ధర సంగతి ఎత్తుకున్నాడు.

పరంజ్యోతి ఆయన్ని పిలవనే లేదు. చుట్టూ కోసేసిన మళ్ళు తప్ప ఎవరూ లేరు.