కప్ప ఔనంది

కప్ప మాత్రం ఏం చేస్తుంది పాపం, సూదిలో ఏది ఎక్కిస్తే దానికే బదులు చెప్తుంది, అనుకుంటూ ఆదిశేషమ్మ నెల్లూరు ఆసుపత్రి వరండాలో బల్ల అంచున ముడుచుకుని కూర్చుంది, లోపల తోడికోడలు చెంచమ్మ మూలుగుతోంది, కాదు, అది వీధిలో బండి చప్పుడు, మూడు నెలల కిందట చెంచమ్మ కడుపులో ఉన్నది బిడ్డ కాదన్నారు, చేపగుడ్ల లాంటి నీటిబుడగల గుత్తి అని తీసిపారేశారు, తర్వాత ఒకనాడు తెల్లారి మొదటి మూత్రం సీసాలో పంపండి, మద్రాసులో కప్పకి ఎక్కించి చూస్తారు అని డాక్టరమ్మ చెప్పేటప్పుడు తను బయట చేపల తట్ట దగ్గర కాపలా ఉంది, సగమే విన్నది, ఔనంటే కడుపు, లేదంటే లేదు, ఊళ్లో అందరికీ తెలిసింది అంతే, కప్ప లేదంటే మీ మరిది ఇంకోదాన్ని తెస్తాడక్కా అని చెంచమ్మ ఎక్కిళ్లు పెట్టింది, ఆ ఏడుపు చూడలేకే కదా, సీసా తెచ్చే పని తన మీద పడితే, కాలవ రేవు పక్క సరుగుడు తోపులోకి పోయి ఉన్నది పారబోసి, తనకు మూడో నెల కదా, తన మూత్రమే పట్టింది.

ఇందాక డాక్టరమ్మ మరిది రమణయ్యతో అన్నది ప్రతి ముక్కా వినబడింది, బిడ్డతో పాటు పెరిగే మావిలో ఒక రసం పుడుతుందయ్యా, హార్మోన్ అంటాం, బిడ్డ ఉంటే అది మూత్రంలో దిగుతుంది, నీ భార్యకు బిడ్డ లేదు, అయినా దిగుతోందంటే ఆ బుడగల ముక్క మిగిలిపోయి పెరుగుతోందన్నమాట, లేదనే జవాబు కోసమే చూశాం, నీళ్లు కలిపి పలచన చేసినా కప్ప ఔనంది, అంత ఎక్కువుంది, గర్భసంచి తీయకపోతే మనిషి దక్కదు, రమణయ్య వేలిముద్ర వేసి, సిరా పంచెకు తుడుచుకుంటూ వచ్చి, దానికి నేను చెప్పలేను వదినా, నువ్వే చెప్పు అన్నాడు.

ఏం చెప్పను, కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది, అత్త నాగులమ్మ ఊరుకుంటుందా, పడవా వలలూ నీ బిడ్డకే దక్కాలని చేసినావా అంటుంది, జాలిపడి చేసినానంటే ఎవరు నమ్ముతారు, చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది, పడవ, వలలు, పుట్టబోయే తన బిడ్డ ఒక్కడే, ఛీ, ఏమిటీ పాడు ఆలోచన, తలుపు తెరుచుకుంది, నర్సు చక్రాల బల్ల తోసుకొస్తోంది, దాని మీద చెంచమ్మ నవ్వబోయింది, మళ్లీ శుభ్రం చేస్తారంటక్కా, ఈసారి బిడ్డ నిలుస్తుంది గదా, అంటూ చెయ్యి చాపింది, ఆ చెయ్యి పట్టుకోగానే ఆదిశేషమ్మకి తెలిసిపోయింది, తోపులో తను చేసింది తెలివితక్కువతనం, ద్రోహం మాత్రం ఈ వరండా బల్ల మీద నోరు మూసుకుని కూర్చున్న ఈ కాసేపే.