మూడు నెంబర్ల పెట్టె

పాలకీడు దగ్గరి తండాలో మూడు ఇండ్లకు కలిపి గుట్ట మీద ఒకటే బోరు. గంట నీళ్లు పోస్తే గంట ఆగుతుంది. ఆగినప్పుడు బంద్ చేయకపోతే మోటారు కాలిపోతుంది. తన వంతు వచ్చిన రోజు ఫకీరా ఆ గుట్ట మీదికి ఆరుసార్లు ఎక్కి దిగాలి. సూర్యాపేట డాక్టరు అతని మోకాలు నొక్కి చూసి, ఇట్లాగే ఎక్కితే ఆపరేషనేనని తేల్చేశాడు.

అందుకని మిర్యాలగూడ షాపువాణ్ణి బతిమాలి, ఫోన్‌తో మోటారు వేసే పెట్టెను కుదరకపోతే రెండు రోజుల్లో తిరిగిస్తానన్న మాట మీద తెచ్చుకున్నాడు. బోరులో వాటా ఉన్న గోప్యా, బీక్యా ఒప్పుకుంటేనే దాన్ని బిగించాలి. నెలకు పది మాటలు మాట్లాడే ఫకీరా, ఏడాదికి సరిపోయేటన్ని మాటలు ఆ పూట మోటారు షెడ్డులో కుమ్మరించాడు. ఇంట్లో కూర్చుని వేయొచ్చు, ఆపొచ్చు. నీళ్లు ఆగితే ఆ పెట్టె తానే ఫోన్ చేసి చెబుతుంది.

చేతిలో పేకముక్కలు దించకుండానే ఇద్దరూ విన్నారు. వైరును కోతులు తెంపుతాయన్నాడు గోప్యా. పైపులో వేస్తానన్నాడు ఫకీరా. దొంగలు ఎత్తుకుపోతారన్నాడు బీక్యా. ఇనుప జాలీ బిగిస్తానన్నాడు. అసలు ఇక్కడ సిగ్నలే ఉండదని ఇద్దరూ ఒక్కటయ్యారు. అంతలో బీక్యా ఫోన్ మోగింది. అవతల అతని భార్య.

"మోటరు కాడున్న," అని పెట్టేసి, బీక్యా ముక్క దించాడు.

ఫకీరా అతని మొహం చూశాడు, పరిచిన చాప చూశాడు. కోతుల సంగతి ఇక ఎత్తలేదు.

గోప్యాయే బయటపడ్డాడు. "అన్నా, మోటరు ఇంట్ల కూసోని ఏస్తే, మేం ఏడ కూసోవాలె?"

ఇంటికొచ్చి ఫకీరా మంచమెక్కాడు. భార్య సాలి సంగతంతా విన్నది. వాళ్లు అప్పుడేం చేస్తున్నారని మాత్రం అడిగింది. చల్ల కోసమని గిన్నె పట్టుకుని ఆ రెండిండ్లకూ పోయింది. ఈ పెట్టె వస్తే మగవాళ్లు మోటారు దగ్గరికి పోయే పనే ఉండదని అక్కడి ఆడవాళ్లకు చెప్పి, గిన్నె నింపుకోకుండానే తిరిగొచ్చింది.

తెల్లారి గోప్యా, బీక్యా వాకిట్లో నిలబడ్డారు.

"బిగియ్యి అన్నా," అన్నాడు గోప్యా. "మూడు నెంబర్లు పడతయట గద. మా ఇంటామెది, బీక్యా ఇంటామెది, వదినది."

"నాది?" అన్నాడు ఫకీరా.

"గవే సాలు," అన్నది సాలి లోపలినుంచి.

అప్పటినుంచి మోటారు ఆడవాళ్ల చేతిలో తిరిగింది. గోప్యా, బీక్యా రోజూ పొద్దుగూకే దాకా ఫకీరా మంచం దగ్గరే ఉండసాగారు. మోకాలు బాగలేని మనిషిని చూడటానికి పోతుంటే ఏ భార్య మాత్రం వద్దంటుంది? చాప కూడా అక్కడికే వచ్చింది, ఫకీరా చేతికీ ముక్కలు అందాయి.

రెండు నెలలకు సూర్యాపేట డాక్టరు మోకాలు వంచి, చాపి, పూర్తిగా నయమైందని, గుట్టలు కూడా ఎక్కొచ్చని చెప్పాడు. ఫకీరా బస్సు దిగి చకచకా నడిచాడు. తండా కనబడే మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, మెల్లగా కుంటడం మొదలుపెట్టాడు.