మూడు ట్యాంకులు, ఒక సీటు

"నా సీసాలు మూడు తక్కువున్నాయి. ఏవి?" అంది డోరీన్.

పొయ్యి మీద నారింజ తొక్కలు ఉడుకుతున్నాయి. జనవరిలో చేదు నారింజలు కెటరింగ్ సంతలోకి వచ్చేది కొద్ది రోజులే. ఆ రోజుల్లో డోరీన్ వంటగదిలో మార్మలేడ్ తప్ప మరో మాట ఉండదని పెళ్లైన ఇన్నేళ్లలో క్లిఫర్డ్‌కు తెలిసే ఉండాలి.

"ఏ సీసాలు?" పాత బైకుల పత్రికలోంచి అతను తల ఎత్తలేదు.

"గాజు మూత, రబ్బరు పట్టీ ఉండేవి."

"ఓ, అవా! షెడ్డులో ఉన్నాయి. ప్రయోగం చేస్తున్నా. పెట్రోలు పోసి ట్యాంకుల రకానికో ముక్క నానబెట్టాను."

"నా జామ్ సీసాల్లో పెట్రోలా? మరి మార్మలేడ్ ఎందులో పొయ్యమంటావ్, నీ హెల్మెట్‌లోనా?"

"సీసాలకే అంత రాద్ధాంతమా బంగారం? బైకుకు ఏ ట్యాంకు పెట్టాలో తేల్చాలి కదా. తొందరపడితే కుదరదు."

తొందర! ఆ మాటకు డోరీన్‌కు నవ్వు రావాల్సింది గానీ రాలేదు. షెడ్డులో బైకు ఎముకల గూడులా నిలబడి ఎన్ని చలికాలాలు గడిచాయో ఆమె లెక్కపెట్టడం మానేసింది. ఇంజను తయారైంది, చక్రాలు తయారయ్యాయి, కిందికి వంచిన హ్యాండిల్ తయారైంది. మిగిలింది ట్యాంకు. మూడు ట్యాంకులు పోగయ్యాయి: ఒకటి ఫైబర్‌గ్లాస్‌ది, ఒకటి అల్యూమినియంది, ఒకటి బైకుతో పాటు పుట్టిన ఉక్కుది. షెడ్డులో చెమ్మని మూడింటినీ తెచ్చి భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి పడుకోబెట్టాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో మనుషులు వంటగదిలో మోచేతులు తగిలించుకుంటూ తింటున్నారు, ట్యాంకులు మాత్రం భోజనాల గదిలో దర్జాగా ఉన్నాయి.

డోరీన్ దాన్ని కూడా ఓర్చుకుంది. కారణం ఒక మాట. నలభయ్యో పెళ్లిరోజున క్లిఫర్డ్ గ్లాసు పైకెత్తి, అందరి ముందూ అన్నాడు: "బైకు పూర్తయిన రోజే డోరీన్‌ను వెనక ఎక్కించుకుని హన్‌స్టన్‌టన్ సముద్రానికి తీసుకెళ్తా. మొదటిసారి వెళ్లినట్టే." మొదటిసారి ఇదే బైకు, ఇదే ఉక్కు ట్యాంకు. డోరీన్ వాళ్ల నాన్న ఇంటి గేటును బైకు గుద్దినప్పుడు పడ్డ సొట్ట కూడా అలాగే ఉంది. మర్నాడే డోరీన్ తన పాత తోలు జాకెట్టు బయటికి తీసి, చిరిగిన అస్తరు విప్పేసి, కొత్త గుడ్డ కుట్టుకుంది. అది తలుపు వెనక కొక్కేనికి వేలాడుతూ ఉంది. ఆ సముద్రం ఇక ఈ జన్మకు లేదేమోనన్న బెంగ మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు.

గురువారం రేమండ్ వచ్చాడు. బైకుల క్లబ్బులో ఒకప్పటి కుర్రాళ్లందరి తరఫునా మాట్లాడే మనిషి. బల్ల చుట్టూ ఒకసారి తిరిగి, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా ఒక్కో ట్యాంకునూ ఎగాదిగా చూశాడు.

"అల్యూమినియం, క్లిఫ్. చేత్తో కొట్టి చేసింది. రుద్దావంటే నీ మొహం కనిపిస్తుంది."

"ఇప్పుడెవడు చూస్తాడయ్యా నా మొహం! అల్యూమినియం అదురుకు అతుకు దగ్గర చీలుతుంది. ఫైబర్‌గ్లాసే. ఆకుపచ్చ రంగులో మెరుపు కలిపి... ఆ రోజుల్లో సిసలైన కుర్రాడికి అదే ఉండేది."

"నీకెందుకు లేకపోయిందో మరి?"

"అమ్మ ఒప్పుకోలేదు," అన్నాడు క్లిఫర్డ్, నిన్నటి గాయంలా.

"బరువు తేలికేలే, ఒప్పుకుంటా."

"ఉక్కులో సగం కూడా ఉండదు! బైకు ఎగిరిపోతుంది."

టీ పోస్తున్న డోరీన్ క్లిఫర్డ్ పొట్ట వైపు చూసింది. ట్యాంకులో తగ్గే బరువంతా ఆ ఒక్క శీతాకాలంలో కేకుల రూపంలో అక్కడికి చేరింది. ఆ కేకులు చేసింది తనే మరి.

"ఉక్కుది బానే ఉంది కదా?" అని అడిగింది.

ఇద్దరూ ఆమెను జాలిగా చూశారు. "ఉక్కు తుప్పు పడుతుంది తల్లీ," అన్నాడు రేమండ్. "పైగా ఆ సొట్ట చూడు. దాన్ని పెట్టుకుని క్లబ్బులో ఎలా తలెత్తుకోవాలి?"

శనివారం డోరీన్ బల్ల తుడుద్దామని ట్యాంకులు పక్కకు జరిపింది. దుప్పటి మీద మూడు ముద్రలు మిగిలాయి. రెండు పొడుగు, ఒకటి పొట్టి. ఆమె కాసేపు వాటినే చూసి, కుట్టుపెట్టెలోంచి టేపు తీసుకుని షెడ్డుకు వెళ్లింది. బైకు అస్థిపంజరం మీద పొడుగు ఫైబర్‌గ్లాస్ ట్యాంకు కొలత పెట్టి చూసింది. ఆ ట్యాంకు పెడితే తోలేవాడు వెనక్కి జరిగి, కడుపు ఆనించి పడుకుని తోలాలి. అతను జరిగే చోటు తన చోటు. దాని వెనక గాలి తప్ప ఏమీ లేదు. అల్యూమినియానిదీ అంతే పొడుగు. ఏది మంచిదని ఇన్ని నెలలు కొట్టుకున్న పెద్దమనుషుల్లో ఒక్కడూ ఎంత పొడుగని అడగలేదు, వెనక ఎవరు కూర్చుంటారనీ అడగలేదు. వచ్చేటప్పుడు షెడ్డు కిటికీలో ఉన్న తన సీసాల్లోకి కూడా తొంగి చూసింది.

ఆదివారం భోజనం భోజనాల గదిలోనే అని డోరీన్ తేల్చి చెప్పింది. ట్యాంకులు మూడూ గోడ పక్క బల్ల మీదకు చేరి, తీర్పు చెప్పడానికి కూర్చున్నట్టు కూర్చున్నాయి. కూతురు హేజెల్ వచ్చింది. ఒంటరివాడు కాబట్టి రేమండ్ ఎప్పుడూ వస్తాడు. కాల్చిన గొడ్డు మాంసం, పొంగిన యార్క్‌షైర్ పుడ్డింగులు, బఠానీలు, గ్రేవీ వడ్డించాక క్లిఫర్డ్ చెంచాతో గ్లాసు మీద కొట్టాడు.

"నిర్ణయం తీసుకున్నా. ఫైబర్‌గ్లాసే."

"హమ్మయ్య! ఎవరికైనా ఇంకా ఓపిక ఉంటే చప్పట్లు కొట్టండి," అంది హేజెల్.

డోరీన్ లేచి వంటగదిలోంచి ఒక సాసరు తెచ్చి, అతని పళ్లెం పక్కన పెట్టింది. అందులో ఒక ఆకుపచ్చ ముక్క, మరీ ఉడికిన మాకరోనీలా వేలాడిపోయి ఉంది.

"ఇదేమిటి?"

"నీ ఫైబర్‌గ్లాస్. నా సీసాలోది. కడిగి తెచ్చాలే."

క్లిఫర్డ్ ఫోర్కుతో పొడిచాడు. లోపలికి దిగింది. "ఇది... ఈ కాలపు పెట్రోలు తప్పు. స్పిరిట్ కలిపి పాడు చేస్తున్నారు. మా రోజుల్లో పెట్రోలు—"

"మీ రోజుల పెట్రోలు దొరికే బంకు ఎక్కడుందో చెప్పు నాన్నా, పోయించుకొస్తా," అంది హేజెల్.

"నేను మొదట్నించీ అంటున్నా, అల్యూమినియం అని," అంటూ రేమండ్ ఇంకొంచెం గ్రేవీ పోసుకున్నాడు.

డోరీన్ ఏప్రన్ జేబులోంచి టేపు తీసి, అల్యూమినియం ట్యాంకు పొడవునా సాగదీసి, ఆ పొడుగును బొటనవేలితో పట్టుకునే తెచ్చి, బల్ల అంచు మీద పరిచింది.

"ఇది ట్యాంకు. ఇక్కడ నువ్వు, పడుకుని. ఇదిగో, ఇక్కడితో బైకు అయిపోయింది." ఆమె వేలు బల్ల మూల దాటి గాలిలో ఆగింది. "నేను ఎక్కడ కూర్చోవాలి క్లిఫ్?"

క్లిఫర్డ్ టేపును చూశాడు. తర్వాత తలుపు వెనక కొక్కేన్ని చూశాడు. ఆ జాకెట్టును అతను ఇప్పుడే మొదటిసారి చూస్తున్నాడని డోరీన్‌కు అర్థమైంది.

"హన్‌స్టన్‌టన్‌కు బస్సుంది," అందామె కూర్చుంటూ. "నీకు అల్యూమినియమే కావాలంటే చెప్పు. నేను కిటికీ పక్క సీటు చూసుకుంటా."

క్లిఫర్డ్ చెంచా తీశాడు, పెట్టాడు. మళ్లీ తీసి గ్లాసు మీద కొట్టాడు, ఈసారి మెల్లగా.

"ఉక్కుది," అన్నాడు. "సొట్టతోనే. ఇద్దరు కూర్చునే సీటుతో. ఎండ రాగానే సముద్రానికి. నిజానికి నా మనసులో మొదటినుంచీ అదే ఉంది."

"అచ్చం ఆ రోజుల్లో ఉన్నట్టే ఉంటుంది," అని రేమండ్ గంభీరంగా తలూపాడు.

డోరీన్ క్లిఫర్డ్‌కు బఠానీల గిన్నె అందించింది. "సరే," అంది. "అయితే నా సీసాలు రేపు కడిగి పెట్టు."