పొడుగు కార్డు

మా ఊళ్లో ప్రతి ముసలివాడి దగ్గరా ఒకటే కథ. "నాకూ పాత బాస్కెట్‌బాల్ కార్డులుండేవి, మా అమ్మ పారేసింది." ఇండియానాలో కార్డుల షాపు నడుపుతున్నాను, ముప్ఫై ఏళ్లుగా వింటున్నాను. తల్లులంతా పారేయబట్టే మిగిలిన నాలుగింటికీ ఇంత గిరాకీ. మా అమ్మ మాత్రం ఏమీ పారేయలేదు. ఆవిడ మీద ఆ కథ కట్టింది నేనే.

1969లో, చాలా ఏళ్ల విరామం తర్వాత, చూయింగ్ గమ్ పొట్లాల్లో మళ్లీ బాస్కెట్‌బాల్ కార్డులొచ్చాయి. ఆటగాళ్లు పొడుగు కదా అని కార్డులూ పొడుగ్గా వేశారు. మా అన్నయ్య వెండెల్ కిరాణా కొట్లో మూటలు మోసిన డబ్బుతో వాటిని పోగేశాడు. ఆ ఏడే ఆటలోకి దిగిన ఏడడుగుల కుర్రాడి కార్డంటే వాడికి ప్రాణం. ప్రతి కార్డు అడుగునా తెల్ల అంచు మీద నీలం సిరాతో తన పేరు రాసుకునేవాడు.

మరుసటేడు వాణ్ణి వియత్నాం యుద్ధానికి పంపారు. వెళ్తూ ఆ కార్డులన్నీ సర్దిన సిగార్ల పెట్టె నా చేతిలో పెట్టాడు.

"ఒరేయ్ లైల్, చెమ్మ తగలనివ్వకు."

ఆ పొడుగు కార్డులకి పెట్టె మూత పడేది కాదు. నాకు పదకొండేళ్లు. సందులోంచి చెమ్మ పోతుందని భయమేసి, అమ్మ కుట్టుకత్తెర తెచ్చి, అన్నిటి అడుగులూ సమంగా కత్తిరించేశాను. మూత చక్కగా పడింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

కత్తిరించిన కార్డు ఇక దేనికీ పనికిరాదని బళ్లో స్నేహితులు చెబితే గానీ ఎంత ఘోరం చేశానో తెలియలేదు. ఏడడుగుల కుర్రాణ్ణొక్కణ్ణీ దాచి, మిగతావన్నీ వాగులో కలిపేశాను. రెండేళ్లకి అన్నయ్య తిరిగొచ్చి, బూట్లు విప్పకుండానే పెట్టె ఏదన్నాడు.

"అమ్మ పారేసింది" అన్నాను.

ఆ వసంతంలోనే అమ్మ అటక దులిపి, పెరట్లో డ్రమ్ములో చెత్త తగలబెట్టింది. చేతులు తుడుచుకుంటూ కాసేపు ఆలోచించి, "ఆ చెత్తలో పోయిందేమో నాయనా" అంది. ఆ 'ఏమో' ఏటేటా కొంచెం అరిగి, చివరికి లేకుండాపోయింది.

అమ్మకిప్పుడు తొంభై రెండు. పేరు ఓపల్. ప్రతి శనివారం పొద్దున్నే నా షాపులో కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటుంది. వచ్చినవాళ్లందరికీ వెండెల్ ఆ కథ చెబుతాడు. ఫైరింజన్ ఉద్యోగం చేసి రిటైరైన ఫెర్రిస్ అందుకుంటాడు.

"పెద్దమ్మా, మా ఇల్లు సర్దడానికి మాత్రం రాకండి."

"నీ ఇంట్లో పారేయడానికేముందిరా, ఆ టోపీ తప్ప?"

అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

పోయిన నెల అమ్మ నన్ను ఒంటరిగా చూసి పిలిచింది.

"పియానో అమ్మేశాను. ఆ పొడుగు కుర్రాడి కార్డు మంచిదొకటి తెప్పించు. అన్నయ్య పుట్టినరోజుకిచ్చి, క్షమించానని వాడి నోట అనిపించుకుంటాను. ఆ మాట వినకుండా నాకు పోవాలని లేదు."

సగం ఊరు ఆ పియానో మీదే సంగీతం నేర్చుకుంది. నేను వద్దనేలోపే అది ఇల్లు దాటింది. కార్డు తెప్పించి అమ్మకిచ్చాను. చేయని తప్పుకి తల్లి చేత ప్రాయశ్చిత్తం కొనిపించిన కొడుకుని నేను. నాలుగు రాత్రులు నిద్ర పట్టలేదు.

పుట్టినరోజు శనివారమే పడింది. అమ్మ చేసి తెచ్చిన మీగడ మిఠాయి అందరూ తింటుండగా, ఆవిడ సంచీ విప్పకముందే, ఇన్నేళ్లూ దాచిన ఆ తెగిన కార్డుని సొరుగులోంచి తీసి గాజుబల్ల మీద పెట్టాను.

"అన్నయ్యా, ఇది నీదే. అమ్మ పారేయలేదు. మూత పడటం లేదని నేనే కత్తిరించాను. అబద్ధమాడాను."

వెండెల్ దాన్ని కళ్లద్దాల దగ్గరికి తెచ్చుకుని తిప్పి చూశాడు.

"నాదైతే అడుగున నా పేరుండాలి కదరా."

"నేను కత్తిరించింది ఆ అంచునే."

అమ్మ నవ్వింది. "పిచ్చి నాయనా, డ్రమ్ములో వేసింది నేనే. అట్టలు కాలుతుంటే గమ్ము తీపి వాసన కూడా వచ్చింది, ఇప్పటికీ గుర్తే. నీ షాపులో ఇలాంటి తెగిన కార్డులు సొరుగుల నిండా ఉన్నాయిగా."

ఉన్నాయి. పెట్టెలో పట్టలేదని నాలాంటి పిల్లలు ఈ రాష్ట్రమంతా కత్తిరించారు.

"ఒట్టు, అమ్మా."

"ఒట్టెందుకులేరా" అన్నాడు వెండెల్. వాడి కళ్లు తడిశాయి. "అమ్మ మీది మాట నీ నెత్తినేసుకోవాలని చూస్తున్నావు. ఇంత మంచివాడివని ఇన్నాళ్లూ తెలియలేదు."

ఫెర్రిస్ టోపీ తీసి నా భుజం తట్టాడు. నేను ఎంత గట్టిగా చెబితే వాళ్ల దృష్టిలో అంత గొప్పవాణ్ణవుతున్నాను. తెగిన కార్డుని తీసి మళ్లీ సొరుగులో పెట్టేశాను.

అమ్మ సంచీలోంచి కొత్త కార్డు తీసింది. గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి మూసేసిన కార్డది, పగలగొడితే తప్ప బయటికి రాదు. రెండు చేతులా అన్నయ్యకిచ్చింది.

"తప్పు నాదేరా. మన్నించు."

"ఎప్పుడో మన్నించానమ్మా" అని వెండెల్ ఆవిణ్ణి కౌగిలించుకున్నాడు.

తర్వాతి శనివారం ఎవరో కొత్తవాళ్లొచ్చారు. అన్నయ్య కథ మొదలుపెట్టాడు. "మా అమ్మ పారేసింది. మా తమ్ముడు చూడండి, బంగారం, ఆ తప్పు తనదని చెప్పబోయాడు." వాళ్లు నా వైపు తిరిగి చేయి కలిపారు. కిటికీ పక్క కుర్చీలోంచి అమ్మ, అవునన్నట్టు తలాడించింది.