తామరమొగ్గ ముడి

మోదుగాకును తడిగుడ్డతో ఒకవైపే తుడవాలి. రెండువైపులా తడిస్తే లోపలి అరిసె మెత్తబడిపోతుంది. ఇది నాకెవరూ చెప్పలేదు, మూడు దీపావళులు పాడుచేసుకుని నేర్చుకున్నాను. మాన్వి దగ్గర మాలాంటి వలస రైతులు ఇళ్లు వేసుకున్న క్యాంపు నుంచి ఏటా పన్నెండు బుట్టలు ఊళ్లో పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లేవి. గుంటూరు వైపు నుంచి కాలువ నీళ్లను నమ్ముకుని వచ్చాం, నలుగురి మంచీ కావాలి అనేవారు మా ఆయన బాపయ్య. మంచి ఆయనకు కావాలి, అరిసెలు నేను వండాలి.

బుట్టలల్లడం మా పొలంలో పనికొచ్చే హుచ్చమ్మ నేర్పింది. ఆమెది చంద్రబండ అనే ఊరు. ఈతాకును పసుపునీళ్లలో నానబెట్టి, సన్నగా చీల్చి అల్లేదాన్ని. పడుకోబెడితే అంటుకుంటాయని అరిసెలను నిలబెట్టి, మధ్యమధ్య కజ్జికాయలు దోపి, పైన మోదుగాకు మూత కుట్టి, ఈతాకు పాయలతో తామరమొగ్గలా ముడి వేసేదాన్ని. ఒక్క కొస లాగితే మొగ్గ విచ్చుకుని మూత తెరుచుకునేది. ఆ ముడి మాత్రం హుచ్చమ్మది కాదు, నాది.

ఒక ఏడు పాకం మీదపడి మణికట్టు బొబ్బలెక్కింది. మా ఆయన అక్కగారు సీతారావమ్మ, భర్త పోయాక మా ఇంట్లోనే ఉంటూ పెత్తనమంతా తనదిగా చేసుకున్న మనిషి, నా చేతిలోంచి గరిటె లాక్కుంటూ, "చెయ్యి ఎక్కడికీ పోదులే, పాకం ముదిరిపోతోంది చూడు" అంది.

పంతొమ్మిదివందల అరవై అయిదు దీపావళికి నాకు జ్వరం. డాక్టరుకు చూపిస్తామని బుట్టలతో పాటు నన్నూ బండెక్కించారు. కాలువ ఇంజినీరు గారి ఇంటి ముందు బండి ఆపి అక్కాతమ్ముళ్లు గుమ్మం దాకా వెళ్లారు. ఇంజినీరు గారి భార్యది బళ్లారి, తెలుగు చక్కగా మాట్లాడేది.

"ఎంత ముచ్చటగా కట్టారండీ! మీ ఇంటావిడా?"

మా ఆయన నవ్వారు. "అదా! దానికంత తెలివెక్కడిదండీ. పొయ్యి ఊదమంటే ఊదుతుంది. ఇదంతా మా అక్కయ్య పనితనం."

వదిన గారు పమిట సర్దుకుని, "ఏదో, మీ అభిమానం" అంది.

నేను బండిలో గోనెపట్టా మీద కూర్చుని విన్నాను. నా పేరు చెబితే ఆయనకు పోయేదేమీ లేదు. అయినా చెప్పలేదు. నేను 'హనుమాయమ్మ'ను కూడా కాను, 'అది'ని.

హుచ్చమ్మతో చెబితే ఆమె కొడవలి పక్కన పెట్టి, "నువ్వు ఊకె ఉంటివి, వాళ్లు గట్లనే అంటరమ్మా. నోరు లేదా ఏంది నీకు?" అంది.

నోరుంది. కానీ నేను చెబితే ఎవరు నమ్ముతారు? ఏడాది ఎదురుచూశాను.

మరుసటి దీపావళి ముందు ఇంజినీరు గారి భార్య నుంచి కబురొచ్చింది. మహిళా మండలి ఆడవాళ్లకు సీతారావమ్మ గారు వచ్చి బుట్ట కట్టడం నేర్పాలట. మా ఆయన పొంగిపోయారు. వదిన గారి మొహం పాలిపోయింది. వంటింట్లోకి వచ్చి మెల్లగా, "హనుమాయీ, నువ్వు పక్కన కూర్చుని అందిస్తున్నట్టే అందిస్తూ ముడి వేసెయ్. ఎవరు చూస్తారు?" అంది.

"అలాగే వదిన గారూ" అన్నాను. అంత తియ్యగా నేనెప్పుడూ మాట్లాడలేదు.

ఇంజినీరు గారింట్లో చాపల మీద ఇరవైమంది ఆడవాళ్లు కూర్చున్నారు. వసారాలో ఇంజినీరు గారితో మా ఆయన కాఫీ తాగుతున్నారు. వదిన గారు ఆకులు పరిచింది, అరిసెలు పేర్చింది, మూత పెట్టింది. పాయలు నా వైపు జరిపింది. నా చేతులు ఒళ్లోనే ఉన్నాయి. మోచేత్తో పొడిచింది.

"మీరే కదా వదిన గారూ వేసేది" అని పాయలు ఆమె చేతికే ఇచ్చాను.

ఆమె ముడి వేయబోయింది. పాయ తెగింది. ఇంకోటి తెగింది. మూడోసారి బుట్టే తిరగబడి అరిసెలు చాప మీద దొర్లాయి. ఎవరో కిసుక్కుమన్నారు. వదిన గారి కణతల మీద చెమట. నాకు జాలి వేసింది. మణికట్టు మీది మచ్చ చూసుకున్నాను. ఆ జాలి పోయింది.

"ఏటా కట్టేది మీరే కదండీ?" ఇంజినీరు గారి భార్య అడిగింది.

వదిన గారు గుమ్మం వైపు చూసింది. మా ఆయన లేచి నిలబడ్డారు. "ఏమే, బొమ్మలా కూర్చున్నావేం? ఏటా కట్టేదానివేగా, కట్టు!" అని అరిచేశారు.

అందరూ ఆయన వైపు తిరిగారు. ఇంజినీరు గారు కాఫీ గ్లాసు కింద పెట్టారు. ఆయన భార్య నన్ను నిదానంగా చూసి, "కట్టేది మీరా?" అంది.

"వాళ్లనే అడగండమ్మా. మీకు చెప్పింది వాళ్లు కదా."

ఆమె అడగలేదు. అడగకపోవడమే వాళ్లకు ఎక్కువ తగిలింది. వంగి ఒక్కొక్క అరిసెనే ఏరి, బుట్టలో వేసి, వదిన గారి ముందు పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

తిరుగుబండి కాలువ వంతెన దాటింది. వదిన గారు నెత్తి మీదికి కొంగు లాక్కుని అటు తిరిగి కూర్చుంది. ఆయన నా వైపు తిరిగి అన్నారు, "నలుగురిలో నా పరువు తీశావు. ఏం చేశావో తెలుస్తోందా నీకు?"

"నేనేమీ చేయలేదండీ" అన్నాను.

నిజమే. పెళ్లయిన పదకొండేళ్లలో నేనేమీ చేయకుండా కూర్చున్న పూట అదొక్కటే. అది మొదటిదేనని ఆయనకు ఇంకా తెలియదు.