కొత్త బల్లెం, మొదటి కోత

మా ఆంజనేయులు బావ నోట్లో మెతుకు పడి నాలుగు రోజులైంది. బోటు మీద వల లాగే యంత్రం తాడులో పడి కుడిచెయ్యి నలిగిపోతే, బందరు ఆసుపత్రిలో మణికట్టు దాకా తీసేశారు. ఎంతకాలమని సెలైన్ మీద ఉంచుతాం, తినకపోతే పుండు మానదు, చీము పడితే ప్రాణానికే పూచీ లేదు అన్నారు డాక్టరు గారు. అంతా విని బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు. అత్త ఏడ్చింది, నేను తిట్టాను. ఎవరి మాటా లెక్కలేదు మహానుభావుడికి.

చివరికి నా పోరు పడలేక ఒక్క మాటన్నాడు.

"ఆ బల్లెం పూర్తిచేసి రా మల్లీ. అప్పుడు తింటాను."

నన్ను వదిలించుకోవడానికే అన్నాడని తెలుసు. అయినా అన్నాడు కదా. చెప్పులేసుకుని బయల్దేరాను.

బల్లెం అంటే ఇనుపది కాదు. కోనేరు సెంటర్ దగ్గర ఎలీషా గారి వీడియో గేముల షాపులో ఉంది. వేట నిషేధం రోజుల్లో, బోట్లన్నీ ఒడ్డున ఉన్నప్పుడు, బావ మంగినపూడి నుంచి ఆటోలో వచ్చి అక్కడే కూర్చునేవాడు. పక్కన నేను. ఆ గేములో రాకాసి జంతువుల్ని వేటాడాలి. చచ్చినదాన్ని కోసి పొలుసులు, ఎముకలు తీసుకెళ్ళి కమ్మరికిస్తే ఆయుధాన్ని ఒక్కో మెట్టు పెంచుతాడు. బావకున్నది ఒకటే బల్లెం. రెండేళ్ళుగా దాన్నే పెంచుకుంటూ వచ్చాడు. ఇంకా రెండు మెట్లు మిగిలాయి.

దాంతోపాటు ఇంకో పిచ్చి. మా వాళ్ళు కొత్త వల వేస్తే, మొదటి చేప గంగమ్మ తల్లిదని తిరిగి సముద్రంలో వదిలేస్తారు. బావ గేములోనూ అంతే. బల్లెం మెట్టు ఎక్కిన ప్రతిసారీ, దాంతో చంపిన మొదటి జంతువుని కొయ్యడు. రిమోట్ ఒళ్ళో పెట్టుకుని దణ్ణం పెట్టేవాడు. షాపులో అందరూ నవ్వినా ఖాతరు చేసేవాడు కాదు. నేనూ పెట్టేదాన్ని.

ఎలీషా గారు సరిగ్గా ఆ రోజే షాపు ఎత్తేస్తున్నారు. సాయంత్రం ఐదింటికి సామానంతా గుడివాడ వ్యానెక్కుతుందట. సంగతి చెప్పి బతిమాలితే ఒక్క టీవీ విప్పకుండా ఉంచారు. ఐదు దాటితే మాత్రం తన చేతిలో లేదన్నారు.

పొద్దున పదింటికి కూర్చున్నాను. నాకు చూడటం వచ్చు గానీ ఆడటం ఎక్కడొచ్చు? చచ్చాను, మళ్ళీ చచ్చాను, బొటనవేళ్ళు బొబ్బలెక్కాయి. మూడింటికి ఒక మెట్టు ఎక్కింది. ఆఖరి మెట్టుకి సముద్రపు రాకాసి గుండె కావాలి. నాలుగు ముప్పావుకి ఆ రాకాసి ఒడ్డున పడి చచ్చింది. సంతోషంతో కొయ్యబోయి ఆగిపోయాను. మెట్టెక్కిన బల్లెంతో ఇదే మొదటిది.

ఒక్క నిమిషమే టైము. ఆ తర్వాత శవం మాయమైపోతుంది. ఇంకోదాన్ని చంపే వ్యవధి లేదు, బయట వ్యానువాడు హారన్ కొడుతున్నాడు. వదిలేస్తే బల్లెం లేదు, బావ తినడు. కోశానని తెలిస్తే అసలే తినడు. ఏం చెయ్యను తల్లీ, నువ్వే చెప్పు అని పైకే ఏడ్చాను. తెర మీద అంకెలు తగ్గుతున్నాయి. నలభై. ముప్ఫై. నాకు ఒళ్ళు మండింది. చెయ్యి తీసుకున్నావు, అది చాలదా, బొమ్మలో జంతువు కూడా కావాలా నీకు అని అడిగాను. కోశాను. పొలుసు వచ్చింది. మళ్ళీ కోశాను, ఎముక. ఒక్కో జంతువుకి మూడు కోతలే, ఇక మిగిలింది ఆఖరుది. గుండె వచ్చింది.

కమ్మరి సుత్తి వేస్తుంటే బల్లెం మొన నీలంగా మారింది. ఎలీషా గారు వైర్లు పీకి, బావ ఆటంతా దాచిన మెమరీ కార్డు నా చేతిలో పెట్టారు.

ఆసుపత్రికి పరిగెత్తి కార్డుని మంచం మీద పెట్టాను. పూర్తయింది బావా, మొన నీలం అన్నాను. ఎడమచేత్తో కార్డుని అందుకుని చూశాడు. తర్వాత అడగనే అడిగాడు.

"మొదటిది వదిలేశావా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఆ మొహం చూసి ఆడలేకపోయాను.

"లేదు, కోశాను. గంగమ్మకి కోపమొస్తే నన్నే అడగమను."

ఇంక గోడవైపు తిరిగిపోతాడనుకున్నాను. తిరగలేదు.

"నేనూ వదల్లేదే మల్లీ. ఆ రోజు బోటు మీద కొత్త వల. మొదట పండుగప్ప పడింది. నీకిష్టమని, ఎవరూ చూడకుండా ఐసులో దాచాను. రెండోసారి లాగుతుంటే చెయ్యి పోయింది."

నాలుగు రోజులుగా ఆ గోడతో చెప్పుకుంటున్నది ఇదన్నమాట. అత్త మధ్యాహ్నం తెచ్చిన గిన్నె అలాగే ఉంది. మూత తీసి, చల్లారిపోయిన అన్నం కలిపాను. ముద్ద చేసి నోటి దగ్గర పెట్టాను.

"అయితే ఇద్దరం దొంగలమే," అన్నాను. "నోరు తెరువు."

తెరిచాడు. ఏడుస్తూనే మింగాడు.