పత్తి తెలియని చెయ్యి

ఎమ్మిగనూరులో బస్సెక్కినప్పటి నుంచి ఉచ్చీరమ్మ తన చేతులు ఒడిలో పెట్టుకుని వాటినే చూసుకుంటూ కూర్చుంది. అరవై ఏళ్లు పడుగుకూ పేకకూ మధ్య తిరిగిన చేతులు. నూలు చిలప పట్టుకుంటే చాలు, అది నలభై నంబరు నూలో అరవై నంబరు నూలో చెప్పేస్తాయి. పడుగుకు గంజి చాలిందో లేదో కళ్లు మూసుకునే చెప్పేస్తాయి. ఆ చేతుల మీద నమ్మకంతోనే నిన్న సాయంత్రం ఆదోని నుంచి జైనాబ్ బీ ఫోన్ చేసి ఏడ్చింది.

"అక్కా, నువ్వొచ్చి ఒక్కసారి ముట్టి చూసి సెప్పు. నువ్వేం చెప్తే అదేనని ఇద్దరూ ఒప్పుకున్నారు. లేదంటే నా ఇల్లు రెండు ముక్కలైపోతాది."

జైనాబ్ పుట్టింది ఎమ్మిగనూరులోనే, ఉచ్చీరమ్మ వాళ్ల పక్కింట్లో. పెళ్లై ఆదోనికి వెళ్లింది. భర్త గఫూర్ సాబ్ పోయిన ఏడు కన్నుమూశాడు. కొడుకులిద్దరూ, పెద్దవాడు ఖాజా, చిన్నవాడు ఉమేర్, ఊరి బయట ఏడెకరాల్లో పత్తి పండిస్తున్నారు. ఇప్పటిదాకా ఒకే పొయ్యి, ఒకే కుండ.

తగువు పుట్టింది యార్డులో. తండ్రి పోయాక వచ్చిన మొదటి పంటను నిన్న పొద్దున మార్కెట్ యార్డులో కుప్ప పోశారు. కొనేటాయన వచ్చి గుప్పెడు పత్తి తీసి నలిపి చూశాడు. "బరువు కోసం నీళ్లు పట్టించినారే!" అని పదిమందిలో అనేసి పక్క కుప్పకు పోయాడు. ముందురోజు రాత్రి పత్తికి కాపలా పడుకున్నది ఉమేర్. నీళ్లు చల్లింది వాడేనని ఖాజా, అల్లా మీద ఒట్టు చల్లలేదని ఉమేర్. మాట మీద మాట పెరిగి, గఫూర్ సాబ్ పేరు యార్డులో పోగొట్టినవాడితో ఒకే ఇంట్లో ఉండనని ఖాజా తేల్చేశాడు.

బస్సు కుదుపుకు ఉచ్చీరమ్మ కిటికీ ఊచ పట్టుకుంది. ఆమెకు నాగప్ప గుర్తుకొచ్చాడు. ఇలాంటి ప్రయాణాల్లో ఎప్పుడూ గుర్తుకొస్తాడు.

ఉచ్చీరమ్మ బడికి పోలేదు. బొరుగుల పొట్లాలు కట్టిన కాగితాలు చూసి, గోడల మీది రాతలు చూసి, కూడబలుక్కుంటూ తనంతట తాను చదువు నేర్చుకుంది. వీధిలో ఆడవాళ్లలో చదవడం వచ్చింది ఆమె ఒక్కతికే. ఒకనాడు తమ్ముడు గోవిందయ్య ఇంటి వెనక స్థలం పత్రం తెచ్చి చదవమన్నాడు. అందులో చిన్నాయన కొడుకు నాగప్ప పేరుంది. "ఇది నాగప్పకు రాసేసినట్టుందిరా" అంది ఉచ్చీరమ్మ. గోవిందయ్యకూ నాగప్పకూ పెద్ద గొడవైంది. దొంగ అనిపించుకున్న నాగప్ప మగ్గం విప్పి బండికెత్తుకుని, పెళ్లాం బిడ్డలతో బళ్ళారి వైపు వెళ్లిపోయాడు. రెండేళ్లకు తెలిసినాయన ఒకరు ఆ పత్రం చూసి నవ్వాడు. అది తూర్పు హద్దమ్మా, పక్క స్థలం ఎవరిదో రాసినారంతే అన్నాడు. గోవిందయ్య వెతుక్కుంటూ పోయేసరికి నాగప్ప లేడు. చనిపోయి ఏడు నెలలైంది.

ఆమెకు అక్షరాలు తెలుసు. పత్రాలు తెలియవు. ఆ తేడా తెలియడానికి ఒక మనిషి పోవాల్సి వచ్చింది.

ఆదోని బస్టాండులో దిగేసరికి ఉమేర్ ఆటో తెచ్చి నిలబడి ఉన్నాడు. గడ్డం మాసి ఉంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పెద్దమ్మా, నేను నీళ్లు చల్లలేదు" అన్నాడు, సంచి అందుకుంటూ.

ఉచ్చీరమ్మ వాడి తల నిమిరి ఆటో ఎక్కింది.

యార్డులో అప్పటికే సందడి మొదలైంది. షెడ్లు నిండిపోయి, ఆరుబయట కూడా తెల్లటి కుప్పలే. వాటి మధ్య జైనాబ్ బీ బుర్ఖా అంచు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. ఖాజా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చుట్టూ పక్క కుప్పలవాళ్లు నలుగురైదుగురు చేరారు.

"రా పెద్దమ్మా. నీ పనే ఇది. నూలు మనుషులు మీరు. మీకంటే ఎవరికి తెలుస్తాది?" అన్నాడు ఖాజా.

ఉచ్చీరమ్మ వంగి కుప్పలోంచి గుప్పెడు పత్తి తీసింది. వేళ్లకు చల్లగా తగిలింది. నలిపింది. చెమ్మగానే ఉంది. తడిగా ఉంది అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

కానీ చేతిలో ఉన్నది నూలు కాదు. గింజతో ఉన్న పత్తి. ఇన్నేళ్లలో ఇంటికి వచ్చింది మిల్లులో వడికి, కట్టలు కట్టిన నూలే. చేలో పత్తి ఎలా ఉంటుందో, కోసిన పత్తిలో ఎంత చెమ్మ ఉండాలో, ఈ చలికాలం పొద్దున చల్లగా తగిలితే దానికి అర్థమేమిటో ఆమెకు తెలియదు. అందరూ తెలుసంటున్నారు కాబట్టి తెలుసేమో అని ఒక్క నిమిషం ఆమె కూడా అనుకుంది. అంతే.

పెదాలు బిగించి పత్తిని కుప్ప మీద పెట్టేసింది.

"ఏం పెద్దమ్మా? సెప్పు."

ఆమె మాట్లాడలేదు.

ఖాజా తమ్ముడి వైపు తిరిగాడు. "చూసినావా? నీ మొగం చూసి చెప్పలేకుండా ఉంది. ఇంకేం కావాల్రా నీకు? మాట రాలేదంటేనే తెలుస్తాలేదా?"

"అన్నా, ఆమె ఏమీ అనకముందే..."

"ఏమనాల? తడి కాకుంటే తడి లేదని చెప్పేది కదా!"

పక్క కుప్పాయన తలూపాడు. "అంతే అంతే. పెద్ద మనిషి, నొప్పించకూడదని నోరు మూసుకుంది." ఉమేర్ ముఖం పాలిపోయింది. జైనాబ్ బీ ఏడుపు గట్టిగా వినిపించింది.

ఉచ్చీరమ్మ ఊరుకుంటే సరిపోతుందనుకుంది. ఊరుకున్నా ఇక్కడ మాటే అయిపోతోంది.

"నాకు తెలీదు!" అని అరిచింది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "వింటాండావా ఖాజా? నాకు పత్తి తెలీదు. నాకు నూలు తెలుసు, అంతే. తడో, పొడో నేను చెప్పలేను. చెప్తే అది అబద్ధమైతాది."

"అరవై ఏండ్లు నేసి పత్తి తెలీదంటావా?" పక్కాయన పకపకా నవ్వాడు. "ఇంగ దీనికా ఎమ్మిగనూరు నుంచి పిలిపించింది! బస్సు చార్జీ దండగ."

"దండగే అప్పా" అంది ఉచ్చీరమ్మ. "నవ్వుకోండి. దీని సంగతి తెలిసినోళ్లు ఎవరున్నారో వాళ్లను పిలుచుకొని రాండి. కొనేటోడు కాదు, అమ్మేటోడు కాదు."

దూరంగా పత్తి నింపిన బోరాలు మోస్తున్న శేషప్పను ఎవరో కేకేశారు. నలభై ఏళ్లుగా ఆ యార్డులో హమాలీ. వీపు వంగిపోయి, తల నిండా పత్తి నూగు పట్టి ఉంది.

"ఏందప్పా నా పని ఆపి?" అని విసుక్కుంటూనే వచ్చాడు. సంగతి విని, పైపైన ముట్టుకోలేదు. కుప్ప పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చెయ్యి భుజం దాకా లోపలికి దూర్చాడు. కాసేపు అలాగే ఉంచాడు.

"చల్లగుంది" అన్నాడు.

"చూసినావా!" అన్నాడు ఖాజా.

"ఏయ్, ఉండప్పా. నీళ్లు పోసి రెండు రాత్రులు కుప్పేసింటే లోపల ఉడుకు పుట్టేది. చెయ్యి పెట్టలేవు. పత్తి పసుపురంగు తిరిగేది." లోపలి నుంచి తీసిన పత్తి అందరికీ చూపించాడు. తెల్లగా ఉంది. అందులోంచి గింజ ఒలిచి పళ్ల మధ్య పెట్టి కొరికాడు. టక్కుమంది. ఇంకో మూల నుంచి, అడుగు నుంచి గింజలు తీసి కొరికాడు. టక్కు, టక్కు.

"తడి గింజ మెత్తగా పండ్లకు అతుక్కుంటాది, పలకదు. ఇది పలుకుతాంది. పైన మంచు పడిందంతే. నిన్న గూడా పొద్దున్నే కప్పకుండా తెచ్చింటారు."

"పైన కప్పే పట్టా చినిగిందని నేనే వద్దన్నా" అన్నాడు ఖాజా, నెమ్మదిగా.

"అయితే మంచును తిట్టు. ఎండలో పరిచి సాయంత్రం దాకా తిప్పండి." శేషప్ప గింజ పొట్టు ఊసి తన బోరాల వైపు వెళ్లిపోయాడు.

ఖాజా తానే వంగి ఒక గింజ తీసి కొరికాడు. ఇంకోటి కొరికాడు. ఆ తర్వాత తల ఎత్తలేదు. ఉమేర్ వెళ్లి, ఎక్కడి నుంచో రెండు పట్టాలు అడిగి తెచ్చి నేల మీద పరిచాడు.

ఉచ్చీరమ్మ జైనాబ్ పక్కన చతికిలబడింది. ఊపిరి ఇప్పుడే ఎవరో తిరిగి ఇచ్చినట్టుంది.

"అక్కా" అంది జైనాబ్, కళ్లు తుడుచుకుంటూ. "నువ్వు తెలీదు అన్నప్పుడు నిన్ను కొట్టాలనిపించిందే నాకు."

"కొట్టాల్సింది. ఆ గింజ మాదిరి నేను గూడా పలుకుతానో లేదో తెలిసేది."

జైనాబ్ బుర్ఖా అంచులో ముఖం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ మళ్లీ ఏడ్చింది. ఉచ్చీరమ్మ ఆమె వీపు నిమురుతూ ఉండిపోయింది.

మధ్యాహ్నం అన్నం తిన్నాక ఖాజానే బండి మీద ఆమెను బస్టాండుకు తీసుకొచ్చాడు. ఎమ్మిగనూరు బస్సు దగ్గర బండి ఆపి, హ్యాండిల్ పట్టుకునే అడిగాడు.

"పెద్దమ్మా, నిజం సెప్పు. నీ చేతికి ఎట్ల తగిలింది?"

ఆమె తటపటాయించింది. "తడిగానే తగిలిందప్పా."

ఖాజా రోడ్డు వైపు చూశాడు. "ఆ ఒక్క మాట నువ్వనింటే చాలు, ఈ పొద్దే వేరు పడేవాళ్లం. నేను దాని కోసమే నిన్ను పిలిపిచ్చినా. నిజం కోసం కాదు పెద్దమ్మా. ఆ మాట కోసమే."

ఏం చెప్పాలో ఆమెకు తోచలేదు. తోచనప్పుడు చెప్పాల్సిన పనేమీ లేదని తోచింది. వాడి భుజం తట్టి బస్సెక్కింది.

కిటికీ పక్కన సీటు దొరికింది. కింద ఖాజా ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. డ్రైవరు ఇంజను వేసినా ఆ గొంతు పైకి వినబడింది.

"ఉమేరూ, తిన్నావారా? ఆ కింది పక్కది తిప్పొద్దు, నేను వస్తాండా. ఇద్దరం కలిసి తిప్పుదాం."

బస్సు కదిలింది. ఉచ్చీరమ్మ వెనక్కి ఆనుకుని కళ్లు మూసుకుంది. ఎమ్మిగనూరు వచ్చిందని కండక్టరు భుజం తట్టి లేపేదాకా ఆమెకు మెలకువ రాలేదు.